లియొనార్డో ప్రతిభకు మూలం మెదడు నిర్మాణమా, చేసిన సాధనా?

మేధాన్వేషి (చర్చ ప్రారంభం), శనివారం ఉదయం 7.40

చాలా రోజులుగా నన్ను వదలని ప్రశ్న ఒకటి సభ్యుల ముందు పెడుతున్నాను. లియొనార్డో డావిన్చి 1519లో కన్నుమూశారు. సరిగ్గా 500 ఏళ్లు నిండిన 2019లో, లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన మార్కో కటానీ, పావియా విశ్వవిద్యాలయానికి చెందిన పావలో మజ్జరెల్లో కలిసి ‘బ్రెయిన్’ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశారు. లియొనార్డోకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని, కుదురు లేని స్థితి, ఉండి ఉండాలని వారి వాదన. మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలేయడం ఆయనకు జీవితాంతం ఉంది. రాత్రంతా పనిచేస్తూ నడుమ చిన్న కునుకులు తీసేవారు. ఆయనది ఎడమచేతి వాటం. రాతలో అక్షరదోషాలు ఎక్కువ. మెదడు రెండు సగాలుగా, అంటే అర్ధగోళాలుగా, ఉంటుంది. ఎక్కువ మందిలో భాష ఎడమ సగంలో ఉంటుంది. 65 ఏళ్ల వయసులో ఎడమ అర్ధగోళం దెబ్బతిని కుడిచేయి పడిపోయినా మాట మాత్రం పోలేదు కనుక, ఆయన భాష కుడి అర్ధగోళంలో ఉండేదని వారు ఊహించారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చిత్రకళ, శరీర నిర్మాణం, నీటి ప్రవాహం, పక్షుల ఎగురుడు, కోటల నిర్మాణం, ఇన్నింటిని ఒకే మనిషి పట్టుకోగలిగాడంటే ఆ మెదడు తీరే వేరు. మనం లోపం అని పిలుస్తున్నదే ఆయనకు బలం అయింది. దీనిని కాదనేవారు కారణాలతో చెప్పాలని కోరుతున్నాను.

కుంచెగీత, శనివారం ఉదయం 9.15

మేధాన్వేషి గారూ, మెదడు గురించి మాట్లాడాలంటే ముందు మెదడు మన దగ్గర ఉండాలి. లియొనార్డోను ఫ్రాన్స్‌లోని అంబ్వాజ్ కోటలో ఉన్న ఒక చర్చిలో సమాధి చేశారు. ఆ చర్చిని తరువాతి కాలంలో పడగొట్టారు. 1863లో అక్కడ తవ్వినప్పుడు దొరికిన ఎముకలు ఆయనవే అయి ఉంటాయని తలచి, అదే కోటలోని మరో చిన్న ప్రార్థనా మందిరంలో ఉంచారు. ఎముకలే ఆయనవని రుజువు కానప్పుడు, ఆయన అర్ధగోళాల గురించి ఇంత నమ్మకంగా ఎలా మాట్లాడగలం?

మెదడు చేతిలో ఉన్నా దక్కింది ఎంత? 1955లో ఐన్‌స్టీన్ చనిపోయినప్పుడు ఆయన మెదడును తీసి దాచారు. దాని బరువు 1,230 గ్రాములు. అందులో అసాధారణమేమీ లేదు. 1985లో ఆ మెదడులోని నాలుగు చోట్ల పరీక్షించి, ఒకచోట మాత్రం నాడీకణాలతో పోల్చినప్పుడు వాటికి తోడుండే కణాలు ఎక్కువగా ఉన్నాయని ప్రకటించారు. పోల్చింది 11 మంది సామాన్యుల మెదళ్లతో. ఒక్క మనిషిని 11 మందితో పోల్చి మేధకు మూలం కనిపెట్టామనడం నాకు సమంజసంగా తోచలేదు.

నేను 30 ఏళ్లుగా పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పిస్తున్నాను. లియొనార్డో పధ్నాలుగేళ్ల ప్రాయంలో ఫ్లోరెన్స్‌లో వెరోక్కియో అనే శిల్పి, చిత్రకారుడి పనిశాలలో చేరారు. అక్కడ రంగులు నూరారు, గుడ్డను మట్టినీళ్లలో ముంచి మడతలు పెట్టి ఆ మడతల మీది వెలుగునీడలను గీశారు, లోహపు పని దగ్గరుండి చూశారు. 1471లో ఆ పనిశాల వారు ఫ్లోరెన్స్ ప్రధాన చర్చి గుమ్మటం మీద పెద్ద రాగి గోళాన్ని నిలబెట్టారు. దాని అతుకులు ఎలా వేశారో లియొనార్డో దశాబ్దాల తరువాత కూడా తన పుస్తకంలో గుర్తు చేసుకున్నారు. నాకు ఆ మనిషి మూలం అక్కడ కనిపిస్తుంది.

పాతపలక, శనివారం ఉదయం 9.50

పుట్టుకతో వచ్చింది ఏదో ఉండకపోతే, అదే పనిశాలలో పనిచేసిన మిగతావారంతా లియొనార్డోలు ఎందుకు కాలేదో కుంచెగీత గారు చెప్పాలి.

మేధాన్వేషి, శనివారం ఉదయం 11.05

పాతపలక గారు అడిగినదే నేనూ అడుగుతున్నాను. కుంచెగీత గారు ఎముకల దగ్గర ఆగిపోయారు. రోగనిర్ధారణ మెదడును కోసి మాత్రమే చేయరు, ప్రవర్తనను చూసి చేస్తారు. ఏడీహెచ్‌డీకి ఈనాటికీ రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. వైద్యులు నడవడికను చూసే చెబుతారు. లియొనార్డో నడవడికకు కళ్లారా చూసినవారి సాక్ష్యం ఉంది. మిలాన్‌లో ‘చివరి విందు’ చిత్రం గీస్తున్న రోజుల్లో మత్తెయో బందెల్లో అనే రచయిత అప్పటికి బాలుడు. తాను చూసినదాన్ని ఆయన తరువాత రాశాడు. లియొనార్డో కొన్ని రోజులు తెల్లవారుజామునే పరంజా ఎక్కి, తిండీ నీళ్లూ మరచి, పొద్దుగూకే దాకా గీసేవారు. ఆ తరువాత రెండు మూడు రోజులు కుంచె ముట్టకుండా గంటా రెండు గంటలు చేతులు కట్టుకుని చిత్రాన్ని చూస్తూ నిలబడేవారు. ఒక్కోసారి మిట్టమధ్యాహ్నపు ఎండలో గుర్రపు విగ్రహం పని వదిలి వచ్చి, ఒకటి రెండు గీతలు పెట్టి, వెంటనే వెళ్లిపోయేవారు.

కుదురు లేకపోవడం, నచ్చినదాని మీద లోకం మరచి మునిగిపోవడం, రెండూ ఒకే మనిషిలో కనిపిస్తున్నాయి. ఇంతకంటే స్పష్టమైన వర్ణన ఏం కావాలి?

ఎడమచేయి, శనివారం మధ్యాహ్నం 12.30

ఎడమచేతి వాటాన్ని ఆధారాల జాబితాలో చేర్చారు కనుక మాట్లాడక తప్పడం లేదు. జనాభాలో సుమారు 10 శాతం మందిది ఎడమచేతి వాటమే. ఆయన కుడి నుంచి ఎడమకు, అద్దంలో కనిపించినట్లు రాయడాన్ని కొందరు రహస్య లిపి అంటారు, మరికొందరు వింత మెదడుకు గుర్తు అంటారు. ఎడమచేత్తో సిరాకలంతో రాసినవారిని అడగండి. ఎడమ నుంచి కుడికి రాస్తే, రాసిన తడి అక్షరాల మీదుగా చేయి జరుగుతుంది. చిటికెన వేలు అంచు నల్లబడి పుట అంతా అలుక్కుపోతుంది. కుడి నుంచి ఎడమకు రాస్తే ఆ ఇబ్బంది ఉండదు. ఇందులో ఉన్నది చేతి సౌకర్యం మాత్రమే.

ఇంకొకటి. ఆయన తేదీ వేసిన తొలి చిత్రం 1473 ఆగస్టు 5 నాటిది, ఆర్నో లోయ దృశ్యం. ముందువైపు అద్దపు రాత ఉంది, వెనుకవైపు అందరిలాగా రాసిన రాత ఉంది. రెండూ ఆయన రాసినవేనని 2019లో ఉఫీజీ మ్యూజియం వారు పరీక్షించి చెప్పారు. కావాలనుకుంటే రెండు రకాలుగానూ రాయగల మనిషి ఆయన.

నన్ను రెండో తరగతిలో ఎడమచేత్తో రాసినందుకు స్కేలుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవారు. ఈ రోజుకూ నేను రాసేది కుడిచేత్తో, బంతి విసిరేది ఎడమచేత్తో. ఆనాడు ఎడమచేయి అపశకునం అన్నారు, ఈనాడు మేధకు చిహ్నం అంటున్నారు. రెండు మాటలూ నన్ను మామూలు మనిషిగా ఉండనివ్వలేదు.

మేధాన్వేషి, శనివారం మధ్యాహ్నం 1.10

ఎడమచేయి గారూ, మీకు జరిగిన దానికి బాధగా ఉంది. కానీ చేతివాటం కూడా మెదడులోనే నిర్ణయమవుతుంది కదా. సిరా అలుక్కుపోవడం గురించి నేను వాదించడం లేదు.

ఎడమచేయి, శనివారం మధ్యాహ్నం 1.25

అద్దపు రాతకు కారణం సిరా అని ఒప్పుకున్నట్లేనా, కాదా? ఆ ఒక్కటి స్పష్టంగా చెప్పండి.

నాడీపథం, శనివారం రాత్రి 9.20

నేను నాడీవైద్య విభాగంలో పనిచేస్తాను. ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటి ఉంది. కటానీ, మజ్జరెల్లో గార్ల వాదనలో భాష కుడి అర్ధగోళంలో ఉందనే ఊహ మొత్తం ఆ కుడిచేతి పక్షవాతం మీద నిలబడింది. 1517లో ఒక కార్డినల్ (క్యాథలిక్ చర్చి ఉన్నతాధికారి) వెంట అంబ్వాజ్‌కు వచ్చిన ఆంతోనియో దె బెయాతిస్, లియొనార్డో కుడిచేయి పడిపోయిందని తన దినచర్యలో రాశాడు. దానికి కారణం మెదడులోని పక్షవాతమని అందరూ అనుకుంటూ వచ్చారు. అదే 2019లో ఇటలీకి చెందిన ఇద్దరు వైద్యులు, వృద్ధుడైన లియొనార్డో రూపమని భావించే ఒక చిత్రంలో గుడ్డలో కట్టుకున్న కుడిచేతి వేళ్లు ముడుచుకున్న తీరును పరిశీలించి, అది చేతిలోని అల్నార్ అనే నాడి దెబ్బతినడం వల్ల కావచ్చునని రాశారు. ఆ నాడికి దెబ్బ తగిలితే ఉంగరపు వేలు, చిటికెన వేలు గోళ్లలా వంకర తిరుగుతాయి. దానికీ మెదడుకూ సంబంధం లేదు. ఈ రెండో మాటే నిజమైతే, మాట పోకపోవడంలో ఆశ్చర్యమే లేదు, కుడి అర్ధగోళం ఊహకు ఆధారమూ లేదు.

కుడి మెదడు సృజనకు, ఎడమ మెదడు తర్కానికి అనే ప్రచారం కూడా నిలవదు. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడదీసిన అర్ధగోళాల మీద శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ చేసిన పనికి 1981లో నోబెల్ వచ్చింది. దానిని సాగదీసి ఈ కథ అల్లారు. 2013లో యూటా విశ్వవిద్యాలయం వారు వెయ్యి మందికి పైగా స్కానింగులు చూసి, ఒక మనిషి మొత్తంగా కుడి మెదడువాడో ఎడమ మెదడువాడో అవుతాడనడానికి ఆధారం కనిపించలేదని చెప్పారు. నేటి పరిశోధన చెబుతున్నది వేరు. ఊరికే కూర్చుని ఊహల్లో తిరుగుతున్నప్పుడు పనిచేసే నాడీవ్యవస్థ ఒకటి ఉంది. ఒక పనిని పట్టుపట్టి నడిపించేది మరొకటి ఉంది. మామూలుగా ఒకటి లేస్తే మరొకటి తగ్గుతుంది. 2018లో రోజర్ బీటీ బృందం 163 మందిని పరీక్షించగా, కొత్త ఆలోచనలు బాగా చేసేవారిలో ఈ రెండూ, వాటి మధ్య మార్పును చూసుకునే మూడో వ్యవస్థా కలిసికట్టుగా పనిచేస్తున్నట్లు తేలింది. చేతులు కట్టుకుని గోడ ముందు నిలబడిన లియొనార్డో గుర్తుకు వస్తారు నిజమే. అయినా ఆ పొందిక పుట్టుకతో వచ్చిందో, ఏళ్ల తరబడి పనిచేయడం వల్ల ఏర్పడిందో ఆ పరీక్ష చెప్పదు.

కుంచెగీత, ఆదివారం ఉదయం 6.30

నాడీపథం గారికి కృతజ్ఞతలు. రాత్రి నేను లియొనార్డో వేసిన మెదడు బొమ్మలను మళ్లీ చూశాను. మెదడు గురించి మనం వాదిస్తుంటే, ఆయన దానిని చేత్తో పట్టుకుని చూసిన మనిషి అని మరచిపోతున్నాం.

1489లో గీసిన పుర్రెల్లో ఆయన ఆత్మ ఉండే చోటును కొలతలతో వెతికారు. అప్పటి పండితుల నమ్మకం ప్రకారం మెదడులో మూడు గదులు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. లియొనార్డో కూడా మొదట అలాగే, దారానికి గుచ్చిన మూడు ఉల్లిపాయల్లా గీశారు. సుమారు ఇరవై ఏళ్ల తరువాత ఒక ఎద్దు మెదడు తీసుకున్నారు. లోపలి పెద్ద గదుల కొమ్ములకు రెండు చిన్న రంధ్రాలు చేశారు, లోపల ఉన్నది బయటికి పోవడానికి. అడుగున ఇంకో రంధ్రం చేసి కరిగిన మైనాన్ని పిచికారీతో ఎక్కించారు. మైనం గట్టిపడిన తరువాత చుట్టూ ఉన్న మెదడును ఒలిచేశారు. అప్పుడు గదుల అసలు ఆకారం చేతిలోకి వచ్చింది. అది ఉల్లిపాయల వరుస కాదు. కంచు పోతపోసే పనిశాలలో మైనంతో అచ్చు తీయడం తెలిసిన చేతికి తట్టే ఉపాయం అది. పుర్రె లోపల ఏ అర్ధగోళం పెద్దదైతే ఆ ఉపాయం వస్తుంది?

పాతపలక గారి ప్రశ్నకు కూడా ఇదే నా జవాబు. మిగతావారు అచ్చు తీయడంతో ఆగారు. ఆయన ఆ పనిని పట్టుకుని మరొక పనిలోకి నడిచారు. నేడు మిగిలిన ఆయన నోటుపుస్తకాల పుటలు సుమారు 7,000. వడ్రంగిపిట్ట నాలుకను వర్ణించాలి అని తనకు తాను రాసి పెట్టుకున్న మనిషి ఆయన. దీనిని జబ్బు పేరుతో పిలవడం నాకు అవమానంగా తోస్తుంది. పిల్లల చేత కూర్చోబెట్టి పని పూర్తి చేయించే ఓపిక లేని తల్లిదండ్రులు ఈ మధ్య ఇలాంటి వ్యాసాలను పట్టుకు తిరుగుతున్నారని కూడా చెప్పక తప్పదు.

గట్టుమీదిరావి, ఆదివారం ఉదయం 7.05

చివరి వాక్యం లేకుండా ఉంటే బాగుండేది, కుంచెగీత గారూ.

మేధాన్వేషి, ఆదివారం ఉదయం 8.20

ఆ వాక్యం ఎవరిని ఉద్దేశించి రాశారో నాకు అర్థమైంది. ఇక దాచను. మా అబ్బాయికి పదమూడేళ్లు. పోయిన ఏడాది వైద్యులు వాడికి ఏడీహెచ్‌డీ అని చెప్పారు. అంతకుముందు నాలుగేళ్లు బడిలో వాడిని బద్ధకస్తుడు అన్నారు, పొగరు అన్నారు, తరగతి గది బయట నిలబెట్టారు. కూర్చోబెట్టి పని చేయించడం గురించి మీరు నాకు చెబుతున్నారు. నేను రాత్రి పది దాకా వాడి పక్కన కూర్చున్నాను, అరిచాను, ఒకసారి చేయి కూడా చేసుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు వాడి గదిలో నేల మీద విప్పిన సీలింగు ఫ్యాను ఉంది. పక్కనే పుస్తకంలో దాని చుట్టల బొమ్మ సగం గీసి ఉంది. తీగ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, 140 దగ్గర ఆపి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ పుటను చూసినప్పుడు నాకు లియొనార్డో గుర్తుకు వచ్చారు. ఆయన కూడా మధ్యలో వదిలేశారు. మిలాన్‌లో ఏళ్ల తరబడి చేసిన గుర్రం మట్టి నమూనాగానే మిగిలి, 1499లో ఫ్రెంచి విలుకాళ్ల బాణాలకు గురిపలకగా మారింది. ‘ఆంఘియారీ యుద్ధం’ అనే చిత్రం గోడ మీద పూర్తికాలేదు. పోపు పదో లియో, ఈయన మొదలుపెట్టకముందే ముగింపు గురించి ఆలోచిస్తాడు, ఏదీ చేయలేడు అని నిరుత్సాహపడ్డారని, ఆయన జీవితచరిత్ర రాసిన వసారీ రాశాడు. అంత పెద్ద మనిషికే ఆ మాట తప్పలేదని మా అబ్బాయికి చెప్పినప్పుడు వాడి ముఖంలో వచ్చిన వెలుగును మీరు చూడలేదు. ఆ ఒక్క ఆధారాన్ని మీరు రాత్రికి రాత్రి లాగేయాలని చూస్తున్నారు.

ఎడమచేయి, ఆదివారం ఉదయం 8.45

మేధాన్వేషి గారూ, నేను సిరా గురించి పట్టుబట్టింది మిమ్మల్ని ఓడించాలని కాదు. అయితే ఒక మాట అడుగుతాను. లియొనార్డో ఎడమచేతివాడు కాకపోయి ఉంటే, నన్ను కొట్టడం న్యాయమయ్యేదా? మీ అబ్బాయిని బయట నిలబెట్టడం తప్పు అనడానికి ఐదువందల ఏళ్ల కిందటి మనిషి సాక్ష్యం ఎందుకు కావాలి?

కుంచెగీత, ఆదివారం ఉదయం 11.40

మేధాన్వేషి గారూ, ఆ వాక్యం రాయకుండా ఉండవలసింది. క్షమించండి.

నేను ఇంత మొండిగా ఎందుకు వాదించానో చెబుతాను. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక కళాశాల ప్రవేశ పరీక్షకు వెళ్లాను. గుడ్డ మడతల బొమ్మ మూడు గంటలు గీశాను. పరీక్షకుడు దానిని చూసి, ‘అమ్మాయీ, ఇది పుట్టుకతో రావాలి, నీకు రాలేదు’ అని పక్కన పెట్టారు. రెండేళ్లు పెన్సిలు ముట్టలేదు. ఆ తరువాత లియొనార్డో గీసిన గుడ్డ మడతల అభ్యాసాలను అచ్చులో చూశాను. ఒకే మోకాలి మీద జారిన గుడ్డను మళ్లీ మళ్లీ గీసి ఉన్నారు. ఆయనకే అన్నిసార్లు కావలసి వచ్చిందని తెలిసినప్పుడు నేను మళ్లీ మొదలుపెట్టాను. అందుకే, ప్రతిభ మెదడు అమరికలో ఉందని ఎవరైనా అంటే, ఆ పరీక్షకుడి గొంతే నాకు వినిపిస్తుంది. నా తరగతికి వచ్చిన ఒక పాపను ఆరు నెలల కిందట కుడి మెదడు శిక్షణ ఇస్తామన్న కేంద్రంలో వేలకు వేలు కట్టి చేర్పించారు. కళ్లకు గంతలు కట్టి రంగులు చెప్పిస్తారట. ఆ పాప మళ్లీ నా దగ్గరికి రాలేదు.

మీకు లియొనార్డో మెదడు వేరు కావడం వల్ల మీ అబ్బాయికి చోటు దొరుకుతుంది. నాకు అదే మాట వల్ల చోటు పోయింది. మనం పోట్లాడుతున్నది బహుశా దీని గురించే.

నాడీపథం, ఆదివారం మధ్యాహ్నం 12.15

వైద్యపరంగా ఒక్క మాట చేరుస్తాను. ఐదు శతాబ్దాల కిందటి మనిషికి నిర్ధారణ చేయడం సాధ్యం కాదని కటానీ గారే ఒప్పుకున్నారు. వారిది బలమైన ఊహ మాత్రమే. మేధాన్వేషి గారి అబ్బాయికి చేసిన నిర్ధారణ ఊహ కాదు, దానికి చికిత్స, శిక్షణ రెండూ ఉన్నాయి. ఆ రెండింటినీ లియొనార్డోతో ముడిపెట్టి ఆలస్యం చేయవద్దని మాత్రం కోరుతున్నాను.

మేధాన్వేషి, ఆదివారం సాయంత్రం 6.50

చికిత్స సాగుతోంది, నాడీపథం గారూ. ఎడమచేయి గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అద్దపు రాతకు సిరానే కారణమని ఒప్పుకుంటున్నాను. కుడిచేతి విషయం కూడా వదిలేస్తున్నాను. అయితే బందెల్లో చూసిన ఆ మనిషి పని తీరుకూ మా అబ్బాయి పని తీరుకూ పోలిక లేదని మాత్రం నేను అనలేను.

కుంచెగీత గారూ, మైనం సంగతి వాడికి చదివి వినిపించాను. ఎద్దు మెదడులో మైనం పోస్తే గాలి ఎటు పోతుందని వెంటనే అడిగాడు. రెండు రంధ్రాల గురించి మీరు రాసిన వాక్యం చూపించాను. ఫ్యాను చుట్టల బొమ్మ పూర్తి చేయమని వాడికి ఎలా చెప్పాలో మీరే చెప్పండి.

కుంచెగీత, ఆదివారం రాత్రి 8.10

పూర్తి చేయమని చెప్పకండి. లియొనార్డో భుజం ఎముకలను, కండరాలను వరుసగా కొద్దికొద్దిగా తిప్పుతూ పలు వైపుల నుంచి గీసిన పుట ఒకటి ఉంది. అది చూపించి, ఫ్యాను చుట్టను ఇంకో వైపు తిప్పి పెట్టండి. 140 పక్కన పెట్టిన ప్రశ్నార్థకాన్ని చెరపనివ్వకండి. నా అభిప్రాయం మారలేదని మీకు తెలుసు. పుట మీద తేదీ వేయమనండి, ఏ చేత్తో వేసినా సరే.